సిఫారసు ఉత్తరం పనిచేయని దర్శనం: మ్యూజియం, అక్వేరియం వెనక గదులు చూడటం ఎలా?

తిరుపతిలో ఉండేవాళ్లకు దర్శనాల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఎవరింటికి చుట్టాలొచ్చినా మంచినీళ్లు తాగగానే అడిగేది ఒక్కటే: "కొండమీద మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" ఆ అలవాటుతోనే నేను తొలిసారి ఒక హెర్బేరియానికి, అంటే ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోటికి వెళ్లాను. ఒక పెద్దమనిషి చేత ఫోను చేయించి, పదహారు మంది పిల్లలను వెంటబెట్టుకుని, "మీ దగ్గరున్నవన్నీ చూపించండి సార్" అన్నాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే ఒక బీరువా తెరిచి, ఎండిన మొక్కలు అంటించిన నాలుగు షీట్లు చూపించి, పావుగంటలో మమ్మల్ని సాగనంపారు. తప్పు ఆయనది కాదు. అన్నీ చూపించమన్నవాడికి ఏం చూపించాలో ఎవరికి మాత్రం తెలుస్తుంది?

మరుసటి ఏడాది ఒక్కడినే వెళ్లాను. సిఫారసు లేదు. జేబులో ఒక ప్రశ్న రాసిన కాగితం ఉంది: "మొగి చెట్టు మన కొండల్లో ఏయే నెలల్లో పూసినట్టు మీ షీట్లు చెబుతున్నాయి?" అదే మనిషి, అవే బీరువాలు. మూడు గంటలు ఎలా గడిచాయో ఇద్దరికీ తెలియలేదు. ఆ రోజు నుంచి నేర్చుకున్నదంతా వరుసగా చెబుతాను. మెట్లదారి ఊరు కనుక మెట్లుగానే చెబుతాను.

మొదటి మెట్టు: ప్రశ్న పట్టుకోండి

ప్రదర్శనశాలలో అద్దాల వెనక పెట్టినవి జనం కోసం. శాస్త్రం కోసం దాచినవి లోపలి బీరువాల్లో, సీసాల్లో, సొరుగుల్లో ఉంటాయి. ప్రదర్శనలో ఒక పిట్ట ఉంటే సొరుగులో అదే జాతి పిట్టలు ముప్పై ఉండవచ్చు. అన్నెందుకు అనిపిస్తుంది. ఆ ముప్పై పిట్టలు వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు చోట్ల దొరికినవి. పక్కపక్కన పేర్చి చూస్తే తప్ప అర్థం కాని సంగతులు వాటిలో ఉంటాయి. కనుక మంచి ప్రశ్నకు గుర్తు ఇది: ఒక వస్తువును చూస్తే జవాబు రాకూడదు, పది వస్తువులను వరుసగా చూస్తే రావాలి.

మన కొండల్లోనే ఇలాంటి ప్రశ్నలు కావలసినన్ని ఉన్నాయి. మొగి చెట్టు నేరేడుకు దగ్గర చుట్టం. నేరేడు కొమ్మకు ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. మొగికి ఒకటి ఇటు, ఒకటి అటు మారుతూ వస్తాయి. అన్ని కొమ్మల మీదా అలాగే ఉంటుందా? ఇరవై షీట్లు చూస్తే తెలుస్తుంది. శేషాచలంలోని పేరీత చెట్టుకు మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మగ శంకువులను, అంటే పుప్పొడి తయారయ్యే భాగాలను, మందుల కోసం కోసుకుపోవడం ఆ జాతికి వచ్చిన ముప్పుల్లో ఒకటి. దాని శాస్త్రీయ నామం సైకస్ బెడ్డోమీలో వినిపించే బెడ్డోమ్ మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి. మన బంగారు బల్లిని 1870లో శాస్త్రలోకానికి పరిచయం చేసింది కూడా ఆయనే. "మీ దగ్గర రెండు రకాల పేరీత నమూనాలూ ఉన్నాయా, ఏది ఎక్కువ?" అని అడిగి చూడండి, కుర్చీ వేసి కూర్చోబెడతారు.

"మొత్తం ఎన్ని ఉన్నాయి?" అన్నది మాత్రం చెడ్డ ప్రశ్న. వచ్చిన ప్రతివాడూ అడిగేది అదే.

రెండో మెట్టు: ఏ తలుపు తట్టాలి?

మొక్కల ప్రశ్న అయితే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగం. 1954లో మొదలైన ఆ విశ్వవిద్యాలయానికి శేషాచలం గోడ మీది పటం లాంటిది, కిటికీ తెరిస్తే కనిపిస్తుంది. జంతువుల ప్రశ్న అయితే జంతుశాస్త్ర విభాగం. పురుగుల మీద అయితే వ్యవసాయ కళాశాలలోని కీటకశాస్త్రం వాళ్లను అడగండి. ఎముకల మీద ఆసక్తి ఉంటే పశువైద్య కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పేవాళ్లను అడగాలి. ఆవు కాలికీ గుర్రం కాలికీ తేడాను వేలుపెట్టి చూపించగలిగేది వాళ్లే. 1987లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల మ్యూజియం కాదు, కానీ దాని వంటగది, మందుల గది కూడా వెనక గదులే.

ఇవేవీ యాత్రాస్థలాలు కావు. చదువు, పరిశోధన జరిగే చోట్లు. అనుమతి ఇవ్వడం వాళ్ల మర్యాద, మన హక్కు కాదు.

ఊరు దాటి వెళ్లగలిగితే సుమారు 135 కిలోమీటర్ల దూరంలో చెన్నై ఉంది. తెల్లవారుజామున బస్సెక్కితే పని మొదలయ్యే వేళకు చేరిపోవచ్చు. ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం 1851 నాటిది. అక్కడి తిమింగలం అస్థిపంజరం కింద నిలబడి తల పైకెత్తని పిల్లవాడిని నేనింతవరకు చూడలేదు. భారత జంతు సర్వేక్షణ సంస్థ వారి సముద్ర జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం కూడా చెన్నైలోనే ఉంది. అక్వేరియం అంటే అందరూ చెప్పేది ఈస్ట్ కోస్ట్ రోడ్డులోని మెరైన్ కింగ్‌డమ్. నన్నడిగితే దానికంటే ముందు కొళత్తూరు వెళ్లండి. రంగు చేపల పెంపకానికి, వ్యాపారానికి పేరుమోసిన పేట అది. చేపను అమ్మేలోపు బతికించి ఉంచడం ఎంత కష్టమో అక్కడ కళ్లారా చూడవచ్చు.

మూడో మెట్టు: ఉత్తరం

ఫోను చేయకండి. ఫోను అందుకున్న మనిషి అప్పటికప్పుడు అవునో కాదో చెప్పాలి, అప్పుడు "కాదు" అనడమే తేలిక. ఉత్తరమో ఈమెయిలో అయితే ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. విభాగాధిపతి పేరున రాయండి, కనీసం మూడు వారాల ముందు. నేను రాసే ఉత్తరం దాదాపు ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన విభాగాధిపతి గారికి, నేను తిరుపతిలో ఉంటాను, పాఠశాలలో జీవశాస్త్రం చెప్పేవాడిని. మొగి చెట్టు పూత కాలం గురించి మీ హెర్బేరియంలోని షీట్ల మీది తేదీలు చూసుకోవాలని ఉంది. నేను, మరో ఇద్దరం వస్తాము. రెండు గంటల సమయం చాలు. షీట్లను మీ సిబ్బంది తీసి ఇస్తేనే చూస్తాము. ఫొటోలు తీయాలంటే ముందుగా అడుగుతాము. రాసుకున్న జాబితా నకలు మీకు ఇస్తాము. మీకు వీలైన రోజు చెప్పగలరు."

ఇందులో గొప్పతనం ఏమీ లేదు. కానీ చదివే మనిషికి కావలసినవన్నీ ఉన్నాయి: ఎవరు, ఎందుకు, ఎందరు, ఎంతసేపు, ఏం ముట్టుకుంటారు, ప్రతిఫలంగా ఏమిస్తారు. ఎమ్మెల్యే గారి ఉత్తరంలో ఈ ఆరూ ఉండవు.

వేళ కూడా చూసుకోండి. పరీక్షల నెలలు వద్దు. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఊళ్లో రాకపోకలే కష్టం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. గాలిలో తేమ ఎక్కువ. ఎండిన నమూనాలకు తేమ శత్రువు కాబట్టి ఆ రోజుల్లో బీరువా తలుపులు ఊరికే తెరవడానికి ఎవరూ ఇష్టపడరు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒక పనిరోజు ఉదయం పదకొండింటికి నాకు ఎప్పుడూ కలిసివచ్చింది.

నాలుగో మెట్టు: వెళ్లే రోజు

తిరుమల కొండమీద ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోరు. కొండమీది పూలన్నీ స్వామివే అంటారు. హెర్బేరియంలోనూ పెట్టుకోకండి. ఇక్కడ కారణం వేరు. మల్లెదండతో పాటు కంటికి కనిపించని పురుగులు, వాటి గుడ్లు లోపలికి వస్తాయి. ఎండిన ఆకులను పొడిచేసే చిన్న పెంకుపురుగు ఒక్కటి చేరితే చాలు, యాభై ఏళ్ల షీటు జల్లెడ అవుతుంది. పచ్చి కొమ్మ పట్టుకుని "ఇది ఏ మొక్కో చెప్పండి" అని నేరుగా లోపలికి నడవడం అంతకంటే పెద్ద తప్పు. గుర్తించాల్సిన కొమ్మ ఉంటే బయట వరండాలోనే చూపించండి. కొత్తగా వచ్చిన నమూనాలను కూడా లోపల చేర్చే ముందు చాలాచోట్ల కొన్ని రోజులు గడ్డకట్టే చలిలో ఉంచి పురుగును చంపుతారు.

చేతిలో పెన్సిల్, పుస్తకం చాలు. సిరా కలం సంచీలోనే ఉంచండి; ఒక్క చుక్క పడితే తుడవలేరు. మంచినీళ్ల సీసా, ప్రసాదం లడ్డూ, రెండూ గది బయటే. లడ్డూ మాట హాస్యానికి అనడం లేదు. ఆప్యాయంగా తెచ్చి బల్ల మీద పెట్టినవాళ్లను చూశాను, అరగంటలో చీమల బారు కూడా చూశాను.

పిల్లలతో వెళ్తే ఒక్కో విడతకు ఆరుగురికి మించవద్దు. బీరువాల మధ్య నడవ ఎంత ఉంటుందో చూస్తే మీకే తెలుస్తుంది.

ఐదో మెట్టు: హెర్బేరియంలో ఎలా చూడాలి?

ఇక్కడ కాస్త నిలుస్తాను, ఎందుకంటే ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

షీట్లు అక్షరక్రమంలో ఉండవు. మొక్కల కుటుంబాల వరుసలో ఉంటాయి. మన దేశంలో చాలా హెర్బేరియాలు బెంథామ్, హుకర్ అనే ఇద్దరు పెట్టిన పాత వరుసనే ఇప్పటికీ పాటిస్తాయి. మీ మొక్క ఏ కుటుంబానిదో ముందే తెలుసుకుని వెళ్తే సగం పని అయినట్టే. ఇంకో చిక్కు పేర్లు మారడం. నేరేడును ఒకప్పుడు యూజీనియా జాంబోలానా అనేవారు, ఇప్పుడు సైజీజియం క్యుమిని అంటున్నారు. మొగి కూడా అలాగే యూజీనియా నుంచి సైజీజియంలోకి మారింది. కనుక పాత పేరు, కొత్త పేరు రెండూ రాసుకుని వెళ్లండి. పాత పేరున్న అరలో మరిచిపోయిన షీట్లు దొరకడం నాకు రెండుసార్లు జరిగింది.

షీటును పుస్తకంలో పేజీలా తిప్పకూడదు. బోర్లించకూడదు. సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు ఉండే ఆ దళసరి కాగితాన్ని రెండు చేతులతో అడుగు నుంచి ఎత్తి, చూసినదాన్ని పక్కన అదే వరుసలో పేర్చుకుంటూ పోవాలి. చివరికి దొంతరను మళ్లీ అదే క్రమంలో పెట్టాలి. ఆకు ముక్క రాలితే ఊదేయకండి, దాచుకోకండి. సిబ్బందికి చెబితే షీటుకు అంటించిన చిన్న కాగితపు పొట్లంలో వేస్తారు. ఆ పొట్లం ఉన్నదే అందుకు.

పాత షీట్లను ముట్టుకునే ముందు చేతి తొడుగులు అడగండి. ఒకప్పుడు పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ పూసేవారు. అది పాదరసపు విషం. కనీసం ముఖం తడుముకోకుండా ఉండి, బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇక అసలైన సంపద షీటు మీది మొక్క కాదు, కుడివైపు కింద మూలలో ఉండే లేబుల్. ఎక్కడ, ఏ తేదీన, ఎవరు, ఎన్నో నంబరుతో సేకరించారు, చెట్టు ఎంత ఎత్తు, పువ్వు ఏ రంగు అన్నవన్నీ అందులో ఉంటాయి. పువ్వు రంగు ఎందుకు రాస్తారంటే ఎండాక చాలా పూలు గోధుమరంగుకే తిరుగుతాయి. కొన్ని షీట్ల మీద లేబుల్ పక్కన మరో రెండు మూడు చీటీలు కనిపిస్తాయి. తరువాత వచ్చిన పండితులు పేరు సరిచేసి అంటించినవి అవి. పాత చీటీని చింపరు. ఎవరు ఎప్పుడు ఏమనుకున్నారో అన్నీ ఉండాలి. ఆ చీటీలను కింద నుంచి పైకి చదవడం నాకు కోర్టు కాగితాలు చదివినంత ఆసక్తిగా ఉంటుంది.

ఎర్ర అంచు ఉన్న కవరు కనబడితే చేతులు వెనక్కి తీసుకోండి. ఒక జాతికి మొట్టమొదట పేరు పెట్టినప్పుడు ఏ నమూనాను ఆధారంగా తీసుకున్నారో దాన్ని టైప్ నమూనా అంటారు; ఆ కవరులో ఉండేది అదే. దాన్ని అడిగి చూడవచ్చు, అడగకుండా తాకకూడదు.

మొగి ప్రశ్నకు నేను చేసిన పని ఇంతే: పువ్వున్న ప్రతి షీటు తేదీ, చోటు, ఎత్తు రాసుకుని, ఇంటికి వచ్చి నెలలవారీగా గీతలు గీసుకున్నాను. ఏ నెల కింద గీతలు ఎక్కువ పడ్డాయో చెప్పను. మీరు వెళ్లి చూసుకోండి.

ఆరో మెట్టు: సీసాలు, తోళ్లు, ఎముకలు

జంతువుల గదిలో ముందు ముక్కుకు తగిలేది వాసన. మెత్తని శరీరాలను ముందు ఫార్మలిన్‌లో బిగిసేలా చేసి, తరువాత ఎక్కువగా 70 శాతం ఆల్కహాల్‌లోకి మారుస్తారు. కళ్లు మండితే సిగ్గుపడకుండా బయటికి రండి. ఆల్కహాల్ తేలిగ్గా అంటుకుంటుంది కాబట్టి స్విచ్చుల విషయంలో వాళ్లు చాదస్తంగా ఉంటారు, ఉండాలి కూడా. 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం అగ్నికి ఆహుతైంది. పోయిన నమూనాలను ఎవరూ తిరిగి తేలేరు.

సీసాలో బంగారు బల్లిని చూసి పిల్లలు నిరాశపడతారు. బంగారం ఉండదు. ఆ పసుపు ఆల్కహాల్‌లో వెలిసిపోయి, పాలిపోయిన బల్లి మిగులుతుంది. అప్పుడు వేళ్ల చివర్లు చూపించండి. బండకు అతుక్కోవడానికి పనికొచ్చే మెత్తలు అక్కడ రెండేసి రేకుల్లా ఉంటాయి. రంగు పోయినా అవి పోవు. శాస్త్రవేత్తలు రంగు కంటే పొలుసులను, వేళ్లను లెక్కపెట్టడానికి ఒక కారణం ఇది.

పిట్టలను ఇక్కడ కొమ్మ మీద వాలినట్టు నిలబెట్టరు. దూది కూరి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లకు చీటీ కట్టి సొరుగులో వరుసగా పేరుస్తారు. పెంకుపురుగుకు సూదిని కుడి రెక్క మీద గుచ్చుతారు, సీతాకోకచిలుకకు రొమ్ము మధ్యలో. ఎముకలను శుభ్రం చేయడానికి కొన్ని మ్యూజియాలు మాంసం తినే పెంకుపురుగులను పెంచుతాయి. తోళ్ల గదిలోకి వస్తే శత్రువు, ఎముకల గదిలో జీతం లేని పనివాడు.

ఏడో మెట్టు: అక్వేరియం వెనకవైపు

అద్దం ముందు నిలబడితే చేపలు కనిపిస్తాయి. వెనక్కి వెళ్తే గొట్టాలు, మోటార్లు, తడి నేల, మందుల బక్కెట్లు. చూడవలసింది అదే. అక్వేరియంలో పనిచేసేవాళ్లు నిజానికి చేపలను కాదు, నీళ్లను పెంచుతారు.

నేనిది డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఇంట్లో ఒక తొట్టి ఉండేది. ఒక ఆదివారం ఫిల్టరులోని స్పాంజి మురికిగా ఉందని కొళాయి కింద తళతళలాడేలా కడిగి పెట్టాను. నాలుగో రోజుకు చేపలన్నీ పైకి తేలాయి. చేపల విసర్జనలో అమ్మోనియా ఉంటుంది, అది విషం. స్పాంజి మీద బతికే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. కొళాయి నీటిలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపింది. కొత్త తొట్టిలో అవి తగినంత పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండాలని ఆ రోజు తెలిసి ఉంటే బాగుండేది.

అందుకే వెనక గదిలో అడగవలసిన మొదటి మాట: "మీ నీటిని ఎక్కడ శుభ్రం చేస్తారు?" ఇసుక ఫిల్టర్లు, బ్యాక్టీరియా పెరిగే పెద్ద డ్రమ్ములు, అతినీలలోహిత దీపాలు చూపిస్తారు. ఉప్పునీటి తొట్లకు స్కిమ్మర్ అనే పొడవాటి గొట్టం ఉంటుంది. సన్నని బుడగలు పంపి నీటిలోని మురికిని నురగగా పైకి తెస్తుంది. మంచినీటిలో ఆ నురగ సరిగా కట్టదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లు ఆ ఉప్పు మిశ్రమాన్ని కొని నీళ్లలో కలుపుకోవాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గిన మేరకు మంచినీళ్లే పోస్తారు. ఈ ఒక్క సంగతి పిల్లలను ముందే ఊహించమని చెప్పండి, చాలామంది ఉప్పునీళ్లే అంటారు.

రెండో మాట: "కరెంటు పోతే?" జనరేటరు ఎంతసేపట్లో అందుకుంటుంది, ముందుగా ఏ మోటారును కాపాడతారు? ఈ ప్రశ్న విన్న మనిషి ముఖం మారుతుంది. ఎందుకంటే తలుచుకుంటే వాళ్లకు నిద్రపట్టని విషయం ఇదే.

మూడోది, కొత్త చేపల గది. కొత్తగా వచ్చిన చేపను కొన్ని వారాలు విడి తొట్టిలో ఉంచి రోగం లేదని తేలాకే ప్రదర్శనలోకి వదులుతారు. అక్కడి వలను, బక్కెట్టును మరో తొట్టికి వాడరు. మిమ్మల్ని ఆ గదిలోకి రానివ్వకపోతే అది మంచి అక్వేరియం అనుకోండి. రానిస్తే, గుమ్మంలో ఉండే మందునీళ్ల పళ్లెంలో కాళ్లు ముంచి వెళ్లండి.

చేతులకు శానిటైజరు, లేపనాలు రాసుకుని నీళ్లలో వేళ్లు పెట్టకండి. అద్దం మీద తట్టకండి. బయట టప్‌మన్నది లోపల గట్టిగా వినిపిస్తుంది.

ఎనిమిదో మెట్టు: ఫొటోలు, చట్టం

ఫ్లాష్ వద్దు. లేబుల్ మీద ఖచ్చితమైన చోటు రాసి ఉంటే, ముఖ్యంగా ఎర్రచందనం, పేరీత, దేవాంగ పిల్లి లాంటివాటికి, ఆ భాగం కనబడే ఫొటోను నలుగురికీ పంపకండి. శాస్త్రానికి అవసరమైన చిరునామా దొంగకూ పనికొస్తుంది.

అడవిలో దొరికిన ఈకో, ఎముకో, గూడో తెచ్చి మ్యూజియానికి కానుకగా ఇద్దామనుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు ముక్క అయితే మీకూ చిక్కే, తీసుకున్నవాళ్లకూ చిక్కే. దొరికినచోటే ఫొటో తీసి, తేదీ, చోటు రాసి ఇవ్వండి.

తొమ్మిదో మెట్టు: తిరిగి వచ్చాక

వారంలోపు రాసుకున్నదాని నకలు పంపండి. లేబుల్ మీద ఊరి పేరు తప్పుగా చదివినట్టు అనిపిస్తే మెల్లగా చెప్పండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన మన పల్లెల పేర్లను సరిగా పలకగలిగేది ఆ పల్లెల పక్కనున్న మనమే. రంగంపేట ఎక్కడో, రాగంపేట ఎక్కడో బయటి ఊరి పరిశోధకుడికి ఎలా తెలుస్తుంది? వాళ్లకు నిజంగా పనికొచ్చే సహాయాల్లో ఇదొకటి.

మొగి జాబితా ఇచ్చిన రోజు హెర్బేరియం ఆయన ఒకటి అడిగారు: "వారానికోసారి కొండదారిలో నడుస్తారు కదా, మొగి మొగ్గ తొడిగింది కనబడితే తేదీ రాసి పంపండి." మూడేళ్లుగా పంపుతున్నాను. ఇప్పుడు నేను వెళ్తే ఉత్తరం ఏదీ అని అడగరు. చేతులు కడుక్కున్నారా అని అడుగుతారు.